ఓటు పేరుకా? పనికా? – మినియాపొలిస్ ఇచ్చిన జవాబు

2007 జనవరి 4వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో తీసిన ఒక ఫోటో ప్రపంచమంతటా పత్రికల్లో వచ్చింది. నల్లజాతికి చెందిన ఒక న్యాయవాది దివ్య ఖుర్ఆన్ ప్రతిపై చేయి వుంచి నిలబడి వున్నారు. ఎదురుగా స్పీకర్ నాన్సీ పెలోసీ వున్నారు. ఆ న్యాయవాది పేరు కీత్ ఎల్లిసన్. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం ఆయనే.

ఆ ఫోటో వచ్చిన రోజున నా దగ్గర చదువుకునే పిల్లలు పత్రిక పట్టుకుని సంబరంగా వచ్చారు. “మౌల్వీ సాబ్, అమెరికాలో మనవాడు గెలిచాడు!” అన్నారు. “సంతోషం బేటా! గెలిస్తే ఏం చేస్తానని చెప్పి ఓట్లడిగాడో ఎవరికైనా తెలుసా?” అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఆయన ఏ గ్రంథం మీద చేయి పెట్టారో లోకమంతా తెలుసుకున్నది గాని, ఏయే సమస్యలు చేతపట్టి గెలిచారో తెలుసుకున్నవారు తక్కువ. పిల్లలకు జవాబు చెప్పాలి గదా అని ఆనాడు మొదలుపెట్టి, తరువాత కూడా ఆయన పనిని గమనిస్తూ వచ్చాను. ఆ వివరాలే ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాను.

ఎవరీ అభ్యర్థి?

కీత్ ఎల్లిసన్ 1963లో డెట్రాయిట్ నగరంలో ఒక క్యాథలిక్ కుటుంబంలో జన్మించారు. అక్కడి వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 19వ ఏట ఇస్లాం స్వీకరించారు. మినసోటా విశ్వవిద్యాలయంలో 1990లో న్యాయశాస్త్ర పట్టా పొంది, మినియాపొలిస్‌లోనే స్థిరపడ్డారు. వకీలు ఫీజు ఇచ్చుకోలేని పేదల తరఫున వాదించే న్యాయ సహాయ కేంద్రానికి కొంతకాలం నాయకత్వం వహించారు. 2002లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

2006లో ఆయన పోటీ చేసినది మినసోటా రాష్ట్రంలోని 5వ నియోజకవర్గం నుండి. అమెరికా ప్రతినిధుల సభ మన లోక్‌సభ వంటిదే. అందులో ఓటు హక్కు వున్న సభ్యులు 435 మంది, పదవీకాలం రెండేళ్ళు మాత్రమే. మినియాపొలిస్ నగరం, దాని చుట్టుపక్కల పట్టణాలు ఈ 5వ నియోజకవర్గంలోకి వస్తాయి. ఆనాడు అక్కడి ఓటర్లలో అత్యధికులు తెల్లజాతి క్రైస్తవులు. సొమాలియా నుండి శరణార్థులుగా వచ్చిన ముస్లింలు నగరంలో గణనీయంగానే వున్నప్పటికీ, మొత్తం ఓటర్లలో వారి వాటా స్వల్పమే. కేవలం ముస్లింల ఓట్లతో అక్కడ ఎవరూ గెలవలేరు. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే తరువాతి కథ అర్థమవుతుంది.

28 ఏళ్ళుగా ఆ స్థానంలో వున్న మార్టిన్ సాబో 2006లో పదవీ విరమణ ప్రకటించారు. మన దేశంలో పార్టీ టిక్కెట్టును అధిష్ఠానం నిర్ణయిస్తుంది. అక్కడ పార్టీ అభ్యర్థి ఎవరో కూడా ఓటర్లే ‘ప్రైమరీ’ అనే ముందస్తు ఎన్నికలో తేలుస్తారు. పార్టీ మహాసభ ఎల్లిసన్‌ను బలపరచినప్పటికీ, సాబో వద్ద ముఖ్య అధికారిగా పనిచేసిన నాయకుడితో సహా పలువురు ప్రైమరీలో ఆయనతో తలపడ్డారు.

దేశ సమస్యలపై ఏమన్నారు?

ఎల్లిసన్ ప్రచారానికి నాలుగు పునాదులు: శాంతి, కష్టజీవుల కుటుంబాల సంక్షేమం, పర్యావరణ రక్షణ, పౌర హక్కులు. వాటిని ఆయన గాలిలో వదిలేయక ఒక్కొక్క సమస్య దగ్గర తన వైఖరి ఏమిటో విడమరచి చెప్పారు.

మొదటిది ఇరాక్ యుద్ధం. 2003 మార్చిలో ఆరంభమైన ఆ యుద్ధంలో 2006 నవంబరు నాటికి 2,800 మందికి పైగా అమెరికా సైనికులు మరణించారు. ప్రాణాలు కోల్పోయిన ఇరాకీల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. యుద్ధం తప్పని అప్పటికి చాలామంది నాయకులు అంటున్నా, సైన్యాన్ని ఎప్పుడు రప్పించాలన్న ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలేవారు. వెంటనే వెనక్కు రప్పించాలని ఎల్లిసన్ సూటిగా చెప్పారు. ముస్లిం అయిన అభ్యర్థి ఈ మాట అంటే అనుమానించేవారు వుంటారని తెలిసీ చెప్పారు.

రెండవది వైద్యం. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశమైన అమెరికాలో 2006లో దాదాపు 4 కోట్ల 70 లక్షల మందికి ఆరోగ్య బీమా లేదు. అక్కడ బీమా లేనివాడు ఆసుపత్రి మెట్లు ఎక్కితే, ఆ బిల్లుకు ఇల్లు అమ్ముకోవలసి రావచ్చు. ప్రజలందరి వైద్య ఖర్చునూ ప్రభుత్వమే ఒక్క చేతి మీదుగా చెల్లించే పద్ధతి రావాలని ఎల్లిసన్ కోరారు. ఆయన పార్టీలోనే చాలామంది పెద్దలు ఆనాడు అంతదూరం వెళ్ళడానికి సిద్ధంగా లేరు.

మూడవది కూలి. గంటకు 5 డాలర్ల 15 సెంట్లుగా 1997లో నిర్ణయించిన కనీస వేతనం 2006లో కూడా అంతే వుంది. తొమ్మిదేళ్ళలో ఇంటి అద్దె, రొట్టె, పాలు అన్నిటి ధరలూ పెరిగాయి, కూలి పెరగలేదు. దానిని పెంచాలన్నది ఆయన డిమాండు. గాలి నుండి, సూర్యరశ్మి నుండి విద్యుత్తు తీసే పరిశ్రమలను ప్రోత్సహించాలని, వాటివల్ల పర్యావరణానికీ ఉద్యోగాలకూ మేలు జరుగుతుందని వాదించారు. పాలస్తీనా విషయంలో ఇజ్రాయెల్, పాలస్తీనా రెండు దేశాలుగా పక్కపక్కన శాంతితో జీవించాలన్నది ఆయన మాట.

ఈ జాబితాను మరొక్కసారి చూడండి. ఇందులో కేవలం ముస్లింలకు మాత్రమే సంబంధించిన కోరిక ఒక్కటైనా వుందా? యుద్ధానికి కొడుకును పంపిన తెల్లజాతి తల్లికీ, మందుల చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డ నల్లజాతి ముసలాయనకూ, హోటల్లో గిన్నెలు కడిగే సొమాలీ యువకుడికీ అందరికీ అందులో చోటుంది. మినియాపొలిస్ ఓటరు ఆయనను “నీ మతమేమిటి?” అనడానికి ముందు “మా వైద్యం సంగతేమిటి?” అని అడిగాడు. దానికి ఆయన దగ్గర జవాబు వుంది.

గతాన్ని తవ్వినప్పుడు

ప్రచారం సాఫీగా సాగలేదు. ఎల్లిసన్ 1990లలో ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ అనే సంస్థతో కొంతకాలం సన్నిహితంగా మెలిగారు. 1995లో వాషింగ్టన్‌లో ఆ సంస్థ నాయకుడి పిలుపుపై జరిగిన నల్లజాతి పురుషుల మహా ప్రదర్శనకు తమ ప్రాంతం నుండి జనాన్ని సమీకరించారు. ఆ సంస్థ విశ్వాసాలు సామాన్య ముస్లింల విశ్వాసాలకు భిన్నమైనవి. యూదులపై ద్వేషం వెళ్ళగక్కిన చరిత్ర కూడా దానికి వుంది. ప్రత్యర్థులు ఈ సంగతులన్నీ బయటికి తీశారు. పార్కింగ్ జరిమానాలు సకాలంలో కట్టలేదని, ఎన్నికల నిధుల లెక్కలు ఆలస్యంగా దాఖలు చేశారని కూడా పత్రికలు రాశాయి.

ఇటువంటి సమయంలో రాజకీయ నాయకుడు సాధారణంగా రెండు పనులు చేస్తాడు. అంతా అబద్ధమని దబాయిస్తాడు, లేదా ఇది మా మతంపై దాడి అని గగ్గోలు పెడతాడు. ఎల్లిసన్ తాను ఆ సంస్థ సభ్యుణ్ణి కానని చెబుతూనే, దాని నాయకుల యూదు వ్యతిరేక మాటలను సకాలంలో గుర్తించలేకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నారు. ఆ మేరకు స్థానిక యూదు సంఘానికి 2006లో లేఖ రాశారు. తప్పు ఒప్పుకోవడం పరువు తక్కువ అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

2006 సెప్టెంబరు 12న జరిగిన ప్రైమరీలో ఆయనకు సుమారు 41 శాతం ఓట్లు వచ్చాయి, మిగిలిన అభ్యర్థులందరూ వెనుకబడ్డారు. నవంబరు 7న జరిగిన అసలు ఎన్నికలో దాదాపు 56 శాతం ఓట్లతో గెలిచారు. మినసోటా నుండి కాంగ్రెస్‌కు వెళ్ళిన తొలి నల్లజాతి ప్రతినిధి కూడా ఆయనే అయ్యారు.

ప్రమాణం మీద రభస

గెలిచిన తరువాత లేచిన దుమారం అందరికీ తెలిసినదే. ఖుర్ఆన్ మీద ప్రమాణం చేస్తే అమెరికా సంస్కృతి దెబ్బతింటుందని డెన్నిస్ ప్రేగర్ అనే వ్యాఖ్యాత రాశారు. ముస్లింల వలసను అడ్డుకోకపోతే ఇటువంటివారు ఇంకా ఎన్నికవుతారని వర్జీనియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు వర్జిల్ గుడ్ తన ఓటర్లకు లేఖ పంపారు. ఎల్లిసన్ వలస వచ్చినవారు కారు. అమెరికాలో పుట్టి పెరిగిన మనిషి.

అసలు సంగతేమిటంటే, సభలో సభ్యులందరూ కలిసి కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తారు. అక్కడ ఏ గ్రంథమూ వుండదు. గ్రంథంపై చేయి వుంచే కార్యక్రమం ఆ తరువాత ఫోటోల కోసం విడిగా జరిగేది. పైగా ప్రభుత్వ పదవికి మతపరమైన పరీక్ష పెట్టరాదని అమెరికా రాజ్యాంగం 6వ అధికరణమే నిషేధించింది. మన రాజ్యాంగం కూడా దేవుని పేరిట ప్రమాణం చేయడానికీ, ఆత్మసాక్షిగా ప్రతిజ్ఞ చేయడానికీ రెండిటికీ వీలు కల్పించింది గదా.

ఎల్లిసన్ ఈ దుమారానికి మాటలతో బదులివ్వక ఒక పుస్తకంతో బదులిచ్చారు. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ యువకుడుగా వుండగా 1765లో ఖుర్ఆన్ ఆంగ్లానువాదం కొనుక్కున్నారు. జార్జ్ సేల్ చేసిన ఆ అనువాదం మొదట 1734లో లండన్‌లో వెలువడింది. జెఫర్సన్ దగ్గర వున్నది 1764 నాటి ముద్రణ, రెండు సంపుటాలు. 1815లో కాంగ్రెస్ గ్రంథాలయం జెఫర్సన్ పుస్తకాలను కొనుగోలు చేసినప్పుడు అదీ అక్కడికి చేరింది. ఎల్లిసన్ ఆ ప్రతినే తెప్పించుకుని దానిపై చేయి వుంచారు. జెఫర్సన్ ఇల్లు వున్నది వర్జిల్ గుడ్ గారి సొంత నియోజకవర్గంలోనే! సభలో ఎల్లిసన్ తానే ముందుగా వెళ్ళి ఆయనతో కరచాలనం చేశారు.

మన పిల్లలు చూసిన ఫోటో వెనుక కథ ఇది. అయితే ఇది ఒక్క రోజు ముచ్చట. ఆ మరుసటి రోజు నుండి లెక్క మొదలవుతుంది.

ప్రాంతం కోసం ఏం చేశారు?

2007 ఆగస్టు 1 సాయంత్రం, ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళే వేళ, మినియాపొలిస్‌లో మిసిసిపీ నదిపై వున్న ఐ-35డబ్ల్యూ వంతెన కుప్పకూలింది. 13 మంది మరణించారు, 145 మంది గాయపడ్డారు. ఆ వంతెన ఎల్లిసన్ నియోజకవర్గంలోనిది. ఆ ప్రాంత ప్రతినిధులందరూ పార్టీలకు అతీతంగా ఒక్కటయ్యారు. పునర్నిర్మాణానికి 25 కోట్ల డాలర్లు మంజూరు చేసే బిల్లు రోజుల వ్యవధిలో ఆమోదం పొంది, ఆగస్టు 6న చట్టమయింది. 2008 సెప్టెంబరులో కొత్త వంతెన మీద రాకపోకలు మొదలయ్యాయి. ఇందులో ఘనత ఎల్లిసన్ ఒక్కరిదే కాదు, కాని తన వూరి కష్టంలో ఆయన ముందు వరుసలో నిలిచారు.

2008 నాటి ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళ యజమానులు అప్పులు కట్టలేక బ్యాంకుల పాలయ్యారు. ఆ ఇళ్ళలో అద్దెకున్నవారు నెలనెలా అద్దె కడుతున్నా, ఉన్నట్టుండి సామాను రోడ్డున పడేది. అటువంటి కిరాయిదారులకు కనీసం 90 రోజుల గడువు ఇవ్వాలన్న నిబంధన కోసం ఎల్లిసన్ కృషి చేశారు. అది 2009 మేలో చట్టమయింది. 2014 ఆఖరుతో గడువు తీరిపోగా, 2018లో శాశ్వతంగా అమలులోకి వచ్చింది. ఒక కార్డు బాకీ సక్రమంగా కడుతున్నవాడికి కూడా, మరెక్కడో ఒక బిల్లు ఆలస్యమైందనే సాకుతో వడ్డీ పెంచే పద్ధతిపై కూడా ఆయన పోరాడారు. 2009 నాటి క్రెడిట్ కార్డు చట్టం పాత బాకీలపై ఆ దోపిడీని అరికట్టింది.

మరో ఉదంతం మన ఇళ్ళకు బాగా తెలిసిన కష్టమే. మినసోటాలోని సొమాలీలు నెల జీతంలో కొంత మిగిల్చి స్వదేశంలోని తల్లిదండ్రులకు పంపుతారు. సొమాలియాలో సరైన బ్యాంకుల వ్యవస్థ లేదు గనుక, చిన్న చిన్న హవాలా కంపెనీల ద్వారానే ఆ డబ్బు వెళుతుంది. టెర్రరిస్టులకు చేరుతుందన్న భయంతో అమెరికా బ్యాంకులు ఆ కంపెనీల ఖాతాలు మూసివేయసాగాయి. మినసోటాలో ఈ సేవ అందిస్తున్న బ్యాంకు కూడా 2011 డిసెంబరు ఆఖరుకు దానిని ఆపివేసింది. దుబాయి, రియాద్, కువైట్ల నుండి వచ్చే డబ్బు ఒక నెల ఆలస్యమైతే ఇల్లు ఎట్లా తల్లడిల్లుతుందో నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల తల్లులకు వేరే చెప్పాలా?

ఎల్లిసన్ ఈ విషయంలో భావోద్వేగపు ఉపన్యాసాలతో ఆగలేదు. ఆ కంపెనీలను రాష్ట్ర ప్రభుత్వాలు చేసే తనిఖీలను కేంద్ర సంస్థలు కూడా లెక్కలోకి తీసుకునే వీలు కల్పిస్తూ బిల్లు తెచ్చారు. దానితో తనిఖీల భారం తగ్గి, కట్టుదిట్టం చెడకుండానే పని సులువవుతుందన్నది వుద్దేశం. 2014 ఆగస్టు 8న అధ్యక్షుడు ఒబామా సంతకంతో అది చట్టమయింది. అయినా సమస్య తీరిపోలేదు. 2015 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మరొక బ్యాంకు కూడా ఆ ఖాతాలను మూసివేసింది. చట్టం చేసినంత మాత్రాన అన్నీ చక్కబడవు. అయినా ఓటరు కష్టాన్ని చట్టం భాషలోకి మార్చే ప్రతినిధి వుండటం ఎంత అవసరమో ఇది చూపుతుంది.

నెరవేరినవి, నెరవేరనివి

వాగ్దానాల లెక్క చూద్దాం. కనీస వేతనం పెంపు 2007లోనే చట్టమై, మూడు విడతలుగా 2009 జూలైకి 7 డాలర్ల 25 సెంట్లకు చేరింది. ఆ తరువాత పదిహేనేళ్ళు దాటినా దేశవ్యాప్త వేతనం మళ్ళీ పెరగలేదు. వైద్యంలో ఆయన కోరిన పద్ధతి రానేలేదు. దానికంటే చిన్నదైన 2010 మార్చి నాటి ఆరోగ్య చట్టానికే ఆయన ఓటు వేశారు. మొత్తం రొట్టె దొరకదని ముక్కను వదులుకోలేదు, ముక్క దొరికిందని మొత్తం అడగటం మానలేదు. ఇరాక్ నుండి సైన్యం వెంటనే రాలేదు. 2011 డిసెంబరుకు గాని వెనక్కు రాలేదు, 2014లో కొంత సైన్యం మళ్ళీ అక్కడికి వెళ్ళింది. 2009 ఫిబ్రవరిలో ఎల్లిసన్ యుద్ధంలో ధ్వంసమైన గాజాకు స్వయంగా వెళ్ళి చూసి వచ్చారు. పాలస్తీనీయుల కష్టం మాత్రం తీరలేదు.

2011 మార్చి 10న అమెరికా ముస్లింలలో తీవ్రవాదం అనే అంశంపై కాంగ్రెస్ సంఘం విచారణ జరిపింది. ఒక సముదాయాన్నంతా బోనులో నిలబెట్టడం తగదని ఎల్లిసన్ అందులో సాక్ష్యమిచ్చారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో ఇతరులను కాపాడటానికి పరుగెత్తి ప్రాణాలర్పించిన 23 ఏళ్ళ ముహమ్మద్ సల్మాన్ హమ్దానీ గురించి చెబుతూ, కన్నీరు ఆపుకోలేకపోయారు. ముస్లిం కావడం వల్ల ఆ యువకుడిని మరణానంతరం అనుమానించారు. సముదాయం కోసం మాట్లాడవలసిన రోజు వచ్చినప్పుడు ఆయన మాట్లాడారు. అందరి కోసం పనిచేసిన మనిషి గనుక ఆ మాటకు విలువ వచ్చింది.

మనకు నచ్చనివి కూడా చెప్పాలి. స్వలింగ వివాహాల హక్కును, గర్భస్రావ హక్కును ఎల్లిసన్ సమర్థించారు. ధార్మికంగా మన ఉలమాలు వీటిని అంగీకరించరు. ఈ విషయం దాచిపెట్టి ఆయనను పొగిడితే అది నిజాయితీ కాదు. అట్లాగే ఈ ఒక్కటి చూపి మిగిలినదంతా కొట్టివేయడమూ న్యాయం కాదు. ప్రతినిధి మనకు ఇమాం కాడు, మన వకీలు. ఎక్కడ అతనితో ఏకీభవిస్తామో, ఎక్కడ విభేదిస్తామో తెలిసి ఓటు వేయాలి. తెలియకుండా వేసేది ఓటు కాదు, మొహమాటం.

మన కోసం ఒక మాట

ఎల్లిసన్ గెలిచిన తరువాత 2008లో ఇండియానా నుండి ఆండ్రే కార్సన్ అనే మరో ముస్లిం కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 2018లో రషీదా తలీబ్, ఇల్హాన్ ఒమర్ గెలిచి, కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళలయ్యారు. ఇల్హాన్ ఒమర్ సొమాలియా నుండి శరణార్థిగా వచ్చిన ఆడబిడ్డ. ఆమె గెలిచింది ఎల్లిసన్ ఖాళీ చేసిన స్థానం నుండే. అదే ఏడాది ఎల్లిసన్ మినసోటా రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఎన్నికయ్యారు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడపై మోకాలు పెట్టి చంపిన పోలీసు అధికారిపై కేసును ఆయన కార్యాలయమే నడిపింది. 2021 ఏప్రిల్‌లో నేరం రుజువయింది. 2022లో ఓటర్లు ఆయనను ఆ పదవికి తిరిగి ఎన్నుకున్నారు.

మా ఉస్తాదులు ఓటు గురించి చెబుతూ మూడు మాటలు అనేవారు: ఓటు షహాదత్, ఓటు సిఫారిష్, ఓటు వకాలత్. అనగా అభ్యర్థి యోగ్యుడని మనం ఇచ్చే సాక్ష్యం, అతని తరఫున మనం చేసే సిఫారసు, మన పని అతనికి అప్పగించే అధికారం. ఎరగని మనిషికి సాక్ష్యమివ్వడం ఎంత తప్పో, అతని వైఖరి తెలుసుకోకుండా ఓటు వేయడం అంత తప్పు.

మన గల్లీకి అభ్యర్థి వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? టోపీ పెట్టుకుంటాడు, “అస్సలాము అలైకుం” అంటాడు, షీర్‌ఖుర్మా తాగుతాడు. మనం మురిసిపోతాం. ఈసారి అతడిని కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. బస్తీ దవాఖానాలో మందులెప్పుడు? మా పిల్లల బడిలో టీచరు ఎప్పుడు? కాలువ ఎప్పుడు బాగవుతుంది? గల్ఫ్‌లో చిక్కుకున్నవాడి కోసం ఎవరితో మాట్లాడతావు? జవాబులు ఒక కాగితం మీద రాసి మసీదు కమిటీ దగ్గర వుంచుదాం. వచ్చే ఎన్నికలో ఆ కాగితం చదివి వినిపిద్దాం. అభ్యర్థి మనవాడైనా ఇదే పద్ధతి, పరాయివాడైనా ఇదే పద్ధతి.

ఆనాడు పత్రిక తెచ్చిన పిల్లల్లో ఒకడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. మొన్న కలిసినప్పుడు ఒక అభ్యర్థి పేరు చెప్పి, “ఆయనకు వెయ్యమంటారా మౌల్వీ సాబ్?” అని అడిగాడు. “ఏం చేస్తానన్నాడు?” అన్నాను. నవ్వి జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు ప్రశ్నలున్నాయి. రెండింటికే జవాబులు రాసి వున్నాయి. “మిగిలిన రెండూ అడగడానికే వెళుతున్నాను” అన్నాడు.